లిఫ్టు శ్రుతి

వదిన కళ్ళజోడు అన్నయ్య చొక్కా జేబులో ఉంది, చెవిదిద్దులు నా రుమాలులో మూటకట్టి ఉన్నాయి, ఫోను నా ఒళ్ళో ఉంది, మనిషి మాత్రం ఆ ఊగే తలుపుల వెనక ఉంది. తలుపుల మీద ఎర్ర దీపం. అది ఆరితే ఆపరేషన్ అయిపోయినట్టట. చెప్పిన నర్సు అక్కడితో ఊరుకోకుండా, దాన్నే చూస్తూ కూర్చోకండి, కళ్ళు మండుతాయి అని కూడా అంది, అప్పటినుంచీ నాకు ఇంకెక్కడికీ చూడబుద్ధి కావడం లేదు. అన్నయ్య దీపం వైపు చూడడం లేదు. హాలు చివరనున్న రెండు లిఫ్టుల్నీ చూస్తున్నాడు. ఎడమ లిఫ్టు తలుపులు మూసుకోబోయి ఒక్క క్షణం తటపటాయించి అప్పుడు మూసుకుంటున్నాయి. అన్నయ్య లిఫ్టు మెకానిక్కు, ఆ తటపటాయింపు అతని కంట్లో నలుసులా పడింది, పోదు. లోపల భార్య గొంతు మీద కత్తి ఆడుతుంటే ఇతగాడు లిఫ్టు తలుపులు లెక్కపెట్టుకుంటున్నాడేమిటని పక్క బెంచీవాళ్ళు అనుకుంటారేమో, అనుకోనీ. భయం వేస్తే అన్నయ్య పాడైన వస్తువు కోసం వెతుకుతాడు, బాగుచెయ్యగలిగినది ఒకటి కనిపిస్తే కాస్త కుదుటపడతాడు. నేను భయం వేస్తే వాగుతాను. ఇవాళ వాగడానికి వినే మనిషి లేక లోపల్లోపలే వాగుతున్నాను.

పొద్దున ఇంటికి తాళం వేసి ముగ్గురం లిఫ్టెక్కాం. సంచీ నా చేతిలో, రిపోర్టులు అన్నయ్య చంకలో, వదిన చేతులు ఖాళీ, పెళ్ళికి వెళ్తున్నట్టు నున్నగా జడ వేసుకుంది. లిఫ్టు కిందికి దిగి ఆగగానే వదిన గొంతు పలికింది: కింది అంతస్తు, తలుపులు తెరుచుకుంటున్నాయి. వదిన మాత్రం పెదవి విప్పలేదు. మా బిల్డింగు లిఫ్టులో మాట్లాడేది వదినే, అన్నయ్యే రికార్డు చేయించి పెట్టాడు, ఇన్నేళ్ళుగా పొద్దునా సాయంత్రం వింటూనే ఉన్నాం. వదిన తనకు తనే జవాబు చెప్పడం, అన్నయ్య ఇంట్లో ఒకర్తి చాలదా అని గొణగడం, నేను నవ్వడం, ఇదంతా మాకు అలవాటైన తంతు. ఇవాళ ముగ్గురం నేలవైపు చూశాం. బయటికి వచ్చాక వదిన వెనక్కి తిరిగి, మూసుకుంటున్న తలుపులతో, "ఇల్లు జాగ్రత్త" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను.

వదిన గొంతులోని థైరాయిడ్ గడ్డ చెడ్డది కాదని పరీక్షల్లో తేలిపోయింది, ఆ గండం లేదు. కాని పెరుగుతోంది, తీసెయ్యక తప్పదు. గడ్డ గురించి కాదు నా దిగులు, దాని వెనకనుంచి పోయే నరం గురించి. దారమంత సన్నంగా ఉంటుందట, గొంతులో స్వరం పుట్టించేది అదేనట. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు, గడ్డ సీతాకోకచిలుకలా వచ్చింది, నరం గీత వచ్చినచోట ఆవిడ కలం ఎంత తేలిగ్గా ఆనించారో నేను చూశాను, ఆ చేతి మీద నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. "నరాన్ని కదపకుండానే తీస్తాను. కాని మీరు పాడే మనిషి కాబట్టి ముందే చెప్తున్నా, గొంతు మారొచ్చు. పై స్థాయి అందకపోవచ్చు. కొందరికి కొన్నాళ్ళకి తిరిగి వస్తుంది, కొందరికి రాదు" అన్నారు. వదిన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింది, విని, కింది స్థాయికైనా గ్యారంటీ ఇస్తారా, మా లిఫ్టు కింది అంతస్తుకే ఎక్కువగా వెళ్తుంది అంది. డాక్టరుగారు నవ్వారు. మెలకువ రాగానే ఒక్క 'ఆ' అనిపిస్తాను, అప్పుడు కొంత తెలుస్తుంది అన్నారు. ఆ ఒక్క అక్షరం కోసం ఇక్కడ కూర్చుని ఉన్నాం.

ఆ గొంతును మొదట విన్నది అన్నయ్య, అదీ మనిషిని చూడకుండానే. వదిన అప్పుడు ఒక పెద్ద బట్టల దుకాణంలో మైకులో ప్రకటనలు చదివేది, పిల్లల దుస్తులు మూడో అంతస్తులో, తప్పిపోయిన ఎర్ర టోపీ బాబు కౌంటరు దగ్గర ఏడుస్తున్నాడు, ఇలాంటివి. ఒకరోజు దుకాణం లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది, లోపల వదినతోపాటు ఒక ముసలాయనా, నెలలు నిండిన ఒకావిడా, ఇంకెవరో. వాళ్ళు బెంబేలు పడుతుంటే వదిన పాట ఎత్తుకుంది. అన్నయ్య బయట పానా చేత్తో పట్టుకుని, ఇనప తలుపుకి చెవి ఆనించి విన్నాడు. ఆ తలుపు తెరవడానికి మామూలుగా ఎంతసేపు పడుతుందని నేను తర్వాత కూపీ లాగితే, స్ప్రింగు పట్టేసింది అన్నాడు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాడు. వదిన మాత్రం, నెలలు నిండినావిడ కూడా విసుక్కుంది, ఇంకాసేపైతే ఇక్కడే కనేస్తానంది అని చెబుతుంది. తలుపు తెరుచుకున్నప్పుడు ఒంటినిండా గ్రీజుతో బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఇతను రిపేరు చెయ్యడానికి వచ్చాడా రిపేరు చేయించుకోవడానికి వచ్చాడా అనుకుందట.

పక్క బెంచీమీద ఒక పెద్దాయన కునుకు తీస్తున్నాడు, తల ముందుకు వాలినప్పుడల్లా తనే ఉలిక్కిపడి అందరికీ క్షమాపణ చెప్పినట్టు నవ్వుతున్నాడు. నీళ్ళ మిషను బుడగలు వేసింది. ఆ మిషను కూత నాకు తెలుసు, మా కంపెనీదే, నీళ్ళు నిండగానే రెండు స్వరాలు, రెండోది పైకి. నా ఉద్యోగం అదే, వాషింగ్ మిషన్లకీ ఓవెన్లకీ కూతలు తయారుచెయ్యడం, పని అయిపోయింది, తలుపు సరిగా వెయ్యలేదు, నీళ్ళు లేవు, ఇలా ఒక్కోదానికి ఒక్కో చప్పుడు. ఎక్కడ చూసినా నేను చేసిన కూతలే, ఎవరికీ నా మొహం తెలియదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో వదిన మా ఓవెన్ కూత విని, దాని వెంటే రెండు స్వరాలు పాడి, ఇది ఇక్కడ ఆగిపోవడం ఏం బాలేదు పాపం అంది. అప్పుడే ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తూ చెత్తలో పడేసిన పాత సింథ్, కరెంటు కీబోర్డు, ఒకటి అన్నయ్య తెచ్చి ఇంట్లో పడేశాడు, అందులో ఒక మీట పైకి లేవదు, లిఫ్టు బొత్తాము స్ప్రింగు వేసి లేపాడు. అలా మొదలైంది. వదిన అప్పటినుంచీ నన్ను మీటలమ్మా అని పిలుస్తుంది.

సింథ్ పాప్ అంటారు మేం చేసేదాన్ని. కరెంటుతో పుట్టే స్వరాలు, తప్పిపోకుండా ఒకే లెక్కలో కొట్టుకునే డ్రమ్ము, వాటి మీద మనిషి గొంతు. ఇంతకీ ఏం చేస్తారర్రా మీరిద్దరూ గదిలో అని అడిగే చుట్టాలకి ఇది చెప్పి లాభం లేదు. అమ్మ ఒకసారి పూర్తిగా విని, ఫ్రిజ్జూ ఫ్యానూ పోట్లాడుకుంటుంటే మధ్యలో మీ వదిన సర్దిచెబుతున్నట్టుంది అంది. మా సంగీతం గురించి ఇంతకంటే బాగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పడగ్గదిలో గోడ అలమారా ఖాళీచేసి, చుట్టూ దుప్పట్లూ చలికోట్లూ వేలాడదీసి, అందులో వదినను నిలబెట్టి రికార్డు చేసేదాన్ని. ఆ గోడకి అవతలే లిఫ్టు. ఎవరు ఎక్కినా దిగినా ఊఁ అని ఒక మూలుగు, ఎన్ని దుప్పట్లు కప్పినా పాటలోకి వచ్చి కూర్చునేది. అందరూ ఆఫీసులకి పోయాక పాడించి చూశాను, భోజనాల వేళ పాడించి చూశాను, సరిగ్గా వదిన మంచి స్వరం అందుకున్నప్పుడే నాలుగో అంతస్తు ఆవిడకి కొత్తిమీర గుర్తొచ్చేది. నేను తల పట్టుకుని కూర్చుంటే వదిన కోట్ల మధ్యలోంచి మొహం బయటపెట్టి, "అది మారదు, మీటలమ్మా. మనమే దాని శ్రుతికి దిగుదాం" అంది. ఆ మూలుగు నా సింథ్‌లో ఏ మీట దగ్గరా లేదు, రెండు మీటలకి మధ్యలో ఎక్కడో ఉంది. సింథ్ మొత్తాన్ని అక్కడికి దించాను. మా పాటలన్నీ ఇప్పటికీ ఆ లిఫ్టు శ్రుతిలోనే ఉన్నాయి. ఎవరైనా పక్కన గిటారు పెట్టుకుని వాయించబోతే కుదరదు, దాని మీద సంగీతం తెలిసినవాళ్ళు పేజీలకి పేజీలు రాశారు, ఈ బ్యాండువాళ్ళు కావాలనే లోకం శ్రుతిని ధిక్కరించారని. చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పేరు కూడా లిఫ్టు పెట్టిందే. మేముండేది మూడో అంతస్తు, ఇంటికి వచ్చిన ప్రతిసారీ వదిన గొంతు ఆ మాట చెబుతుంది, బ్యాండు పేరు మూడో అంతస్తు అయి కూర్చుంది.

ఎర్ర దీపం అలాగే ఉంది. అన్నయ్య లేచి లిఫ్టుల దాకా వెళ్ళి, ఎడమదాని తలుపు గాడిలో ఏదో వంగి చూసి, కాగితం ముక్క తీసి చెత్తబుట్టలో వేసి వచ్చాడు. ఇప్పుడు తలుపులు తటపటాయించడం లేదు. అన్నయ్యకి బాగుచెయ్యడానికి ఇంకేం మిగల్లేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు, ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు.

మమ్మల్ని ఆటల్లోకి తీసుకెళ్ళిన పుణ్యం ఆటలాయన అని మేం పిలుచుకునే ఒకాయనది. వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, కాలితో పాప ఉయ్యాల ఊపుతూ, ఒక్కడే వీడియో గేమ్ తయారుచేశాడు. మనుషులు వదిలేసి పోయిన నగరంలో ఒక బుల్లి రోబో, దాని చేతిలో నీళ్ళ డబ్బా, ఎండిపోయిన మొక్కల్ని వెతుక్కుంటూ పోతుంటుంది. దారిపొడుగునా గండాలే, ఒక్కచోట మాత్రం ఏ గండమూ లేదు, అద్దాల తోట. అక్కడికి చేరితే అప్పటిదాకా ఆడినదాన్ని ఆట తనంతట తనే దాచిపెట్టుకుంటుంది, రోబో కూర్చుంటుంది, పాట వస్తుంది. ఎంతసేపైనా కూర్చోవచ్చు. కాబట్టి పాట అయిపోకూడదు, చివర వచ్చి మొదట్లో కలిసిపోవాలి, అతుకు తెలియకూడదు. అతకడంలో నేను ఘటికురాలిని, నా తిండే అది. అయితే ఏం లాభం, పంపేటప్పుడు మొదటి స్వరం దగ్గర కొయ్యాల్సింది, దానికి ముందు వదిన తీసుకున్న ఊపిరి దగ్గర కోశాను. ఒక్కసారి వినే పాటలో ఊపిరిని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అలా కాదు, పాట అయిపోతుంది, ఎవరో మీ చెవి పక్కనే నిండుగా ఊపిరి తీసుకుంటారు, మళ్ళీ మొదలవుతుంది, ఆడుతున్న మనిషి లేచి పోయేదాకా ఇదే. మర్నాడు గమనించి నాలుక్కరుచుకుని సరిచేసింది పంపాను. ఆటలాయన ఫోన్ చేసి, కొత్తది వద్దండీ, పరీక్షించడానికి పాతది పెట్టి ఉంచితే మా పాప ఆ ఊపిరి దగ్గర నిద్రపోతోంది అన్నాడు.

అది అలాగే ఉండిపోయింది. ఆట ఎక్కడెక్కడికో పోయింది, పేర్లు తెలియని ఊళ్ళనుంచి ఉత్తరాలు రాసినట్టు మెసేజీలు పెట్టేవాళ్ళు. పాట పేరు మేం పెట్టింది వేరు, వాళ్ళు ఊపిరి పాట అన్నారు. లారీ నడిపే ఒకాయన, ఆడను, ఊరికే తోటలో కూర్చోబెట్టి పడుకుంటాను అని రాశాడు. కవలపిల్లల తల్లి ఒకావిడ, పాలిచ్చేటప్పుడు ఆ ఊపిరి కోసం చూస్తాను, అది వచ్చినప్పుడల్లా నేనూ ఊపిరి తీసుకోవడం గుర్తొస్తుంది అని రాసింది. వదిన అన్నీ చదివి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంత కష్టపడి పాడితే వీళ్ళకి నేను పాడనిది నచ్చిందే" అంది. అన్నా లోపల ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు. ఆరోజు సాయంత్రమంతా ఏ పని చేస్తున్నా గట్టిగా ఊపిరి తీసి వదులుతూ తిరిగింది, అన్నయ్య జలుబు చేసిందా అని అడిగాడు.

ఇప్పుడు ఆటలాయన రెండో ఆట చేస్తున్నాడు. పాట సగంలో ఉంది, చివర గొంతు పైకి, ఇంతకుముందెప్పుడూ వెళ్ళనంత పైకి వెళ్ళాలి, దాన్ని రాసింది వదినే, తన గొంతుకి కొలిచి రాసుకుంది. గడ్డ సంగతి ఆ తర్వాత తెలిసింది. అప్పుడు నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది, ఉపాయం అనాలో పిరికితనం అనాలో. వదినను మళ్ళీ అలమారాలో నిలబెట్టి, ఒక్కొక్క స్వరమే ఆ అని, ఊ అని, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి పాడించి దాచిపెట్టడం. ఒక్కో స్వరాన్ని ఒక్కో మీటకి కడితే, తర్వాత ఏమైనా నేను వేళ్ళతో వదిన గొంతును వాయించవచ్చు. వదిన ఒప్పుకుంది. వేణ్ణీళ్ళు తాగుతూ, కోట్ల మధ్య నిలబడి, కింది స్వరంనుంచి వరసగా ఇచ్చుకుంటూ వచ్చింది. చిట్టచివరి పై స్వరం దగ్గర ఆగి తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. ఒక్కటే మిగిలింది వదినా అని బతిమాలాను. "అది ఆస్పత్రినుంచి వచ్చాక పాడతాను. అన్నీ ఇచ్చేస్తే నాకోసం ఎవరు ఎదురుచూస్తారు?" అంది. నవ్వుతూనే అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

వదిన ఆస్పత్రికి సంచీ సర్దుకుంటుంటే నేను చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మీటలు నొక్కి చూశాను. మీట మీద వేలు ఉన్నంతసేపూ వదిన ఆ అంటూనే ఉంది. మూడు మీటలు నొక్కితే ముగ్గురు వదినలు. శుభ్రంగా, శ్రుతి చెదరకుండా, ఎంతసేపైనా. కోసేటప్పుడు ఈసారి పొరపాటు చెయ్యలేదు నేను, ప్రతి స్వరమూ సరిగ్గా స్వరం దగ్గరే కోశాను, ఎక్కడా ఊపిరి లేదు. వేలు తియ్యకుండా అలాగే ఉంచాను, ఎక్కడో ఒకచోట ఆగుతుందని, ఊపిరి తీసుకుంటుందని. తీసుకోలేదు. చప్పున వేలు తీసేసి హెడ్‌ఫోన్స్ మంచం మీదికి విసిరేశాను. నాకు వదిన గొంతు కావాలనుకున్నాను, అబద్ధం, నాకు వదిన కావాలి. అలమారా తలుపు తెరిచి తల బయటపెట్టి నన్ను ఆటపట్టించే మనిషి కావాలి.

ఒళ్ళో ఫోను బరువుగా అనిపించింది. లోపలికి వెళ్ళేముందు వదిన నా చేతిలో పెట్టి, మీ అన్నయ్యకి ఇవ్వకు, అన్నీ నొక్కుతాడు అంది. తెరిచాను. ఆట తెరిచే ఉంది. ఇక్కడొక సిగ్గుమాలిన నిజం ఉంది, మా పాటలు ఆటల్లో ఉన్నాయేగాని నాకు ఆటలు ఆడడం రాదు. రెండో మజిలీలో వంతెన మీదనుంచి నా రోబో ఎప్పుడూ నీళ్ళలో పడుతుంది, అందుకని నేను అతికిన పాటను దాని చోట్లో నేనెన్నడూ వినలేదు. వదినకి ఆ నగరమంతా కొట్టిన పిండి. అడ్డదారులన్నీ తెలుసు. తెర మీద ఆకుపచ్చ వెలుతురు, అద్దాల గోడలు, మధ్యలో బల్ల మీద బుల్లి రోబో కూర్చుని ఉంది, నీళ్ళ డబ్బా పక్కన పెట్టుకుని. నాకోసం వదిన దాన్ని ఇక్కడిదాకా నడిపించి కూర్చోబెట్టి పోయింది. ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలో పెట్టుకున్నాను. పాట వచ్చింది, అయింది, వదిన నా చెవి పక్కన ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. నేను తెరను తాకకుండా చేతులు దూరంగా పెట్టుకున్నాను, పొరపాటున బొత్తాము తగిలి రోబో లేచి నడిస్తే తోట దాటిపోతుంది, పాట ఆగిపోతుంది. ఎర్ర దీపం కింద ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న దద్దమ్మలా ఉన్నాననుకుంటా, అన్నయ్య మొట్టమొదటిసారి నావైపు తిరిగి చూశాడు. చెయ్యి చాపాడు. రెండో ఇయర్‌ఫోన్ అతనికిచ్చాను.

అన్నయ్యకి సంగీతం బొత్తిగా రాదు. మా పాటలు పెడితే బాగుంది అంటాడు, వార్తలు పెట్టినా అదే మొహంతో వింటాడు. ఇప్పుడు తల వంచుకుని చాలాసేపు విన్నాడు. ఊపిరి రెండుసార్లు వచ్చి పోయింది. తర్వాత నెమ్మదిగా, "కింద ఆ మూలుగు మన లిఫ్టుదే కదా" అన్నాడు. అవునన్నాను. పాటలోంచి తియ్యలేక వదిలేశాం, శ్రుతి అక్కడికే పెట్టుకున్నాం, నీకు చెప్పానుగా అన్నాను.

"తెలుసు. బేరింగు అరిగింది. అందుకే ఆ మూలుగు."

"మార్చలేకపోయావా మరి? నేనెంత ఏడ్చానో ఆరోజుల్లో."

చేతులు చూసుకున్నాడు. "మార్చుదామని కొత్తది కొన్నా. ఈలోగా మీ వదిన వచ్చి మార్చొద్దంది. మార్చితే శ్రుతి పోతుందట. సరేనన్నా."

ఎన్నాళ్ళయింది అని అడిగాను. కొత్త బేరింగు ఇంకా పనిముట్ల సంచీలోనే ఉందన్నాడు. బిల్డింగువాళ్ళు నెలనెలా చప్పుడు గురించి అడుగుతారట, విడిభాగం ఊళ్ళో దొరకడం లేదని చెబుతాడట, ప్రమాదమేమీ లేదు, వారం వారం గ్రీజు పెట్టి చూసుకుంటున్నా అని గబగబా అన్నాడు, నేనేదో కంప్లయింటు రాస్తానన్నట్టు. పాటలు మావి అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ, వదినవీ నావీ. గోడకి అటువైపు ఒక మనిషి చీకటి గుంతలో దిగి, అరిగిన బేరింగుకి గ్రీజు రాసి, మా శ్రుతి చెదరకుండా కాపలా కాస్తున్నాడని నాకెవరు చెప్పారు? స్ప్రింగు పట్టేసింది అన్నావే అప్పుడు, ఆ దుకాణంలో అన్నాను. అన్నయ్య నావైపు చూడకుండా, "అది నిజంగానే పట్టేసింది" అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. వదిన నా చెవిలో సగం, అన్నయ్య చెవిలో సగం పాడుతోంది, ఇద్దరం తల దగ్గర పెట్టుకుని కూర్చున్నాం, ఎర్ర దీపం ఎప్పుడు ఆరిందో ఇద్దరం చూడలేదు.

నర్సు పిలిచింది. ఒక్కరే రావాలంది, ఇద్దరం లేచాం, ఇద్దరి చెవులకీ ఒకటే తీగ ఉంది, ఆవిడ తీగను చూసి పక్కకి తప్పుకుంది. లోపల తెరల మధ్య వదిన. మొహం పాలిపోయి ఉంది, మెడ మీద తెల్లని కట్టు, జడ పొద్దున ఎలా వేసుకుందో అలాగే ఉంది. అన్నయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి ఆమె ముక్కు మీద పెట్టాడు, ఒక పక్క వంకరగా కూర్చుంది, మళ్ళీ సరిచేశాడు. డాక్టరుగారు టోపీ తీస్తూ, నరం చెక్కుచెదరలేదు, కాస్త అలిసిపోయింది అంతే అన్నారు. గొంతు బొంగురుగా ఉంటే అది కొంత ఊపిరి గొట్టం వేసినందువల్ల, తగ్గుతుంది. పై స్థాయి సంగతి ఇప్పుడే చెప్పలేను, కొన్ని నెలలు పట్టొచ్చు, రాకపోనూవచ్చు. అని, వదిన వైపు వంగి, "ఒక్కసారి ఆ అనండి. బలవంతం వద్దు, ఎంత వస్తే అంత" అన్నారు.

వదిన కళ్ళు తిప్పి నన్ను వెతికింది. దొరికాను. నన్ను చూస్తూ ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి నాకు తెలుసు. లారీ నడిపే ఆయనకి తెలుసు, కవలపిల్లల తల్లికి తెలుసు, నిద్రపోయే పాపకి తెలుసు, నేను పొరపాటున కొయ్యకుండా వదిలేసిన ఊపిరి అది, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. దాని తర్వాత ఏ స్వరం రావాలో నాకు తెలుసు. అది రాలేదు. ఇంకోటి వచ్చింది, చాలా కిందినుంచి, గరుకుగా, అంచులు చిరిగిన గుడ్డలా, వణుకుతూ వచ్చి, నిలబడింది. నిలబడింది! నా వేళ్ళు మంచం ఇనప పట్టీ మీద మీటలు వెతుక్కున్నాయి, ఇక్కడా, కాదు, పక్కదా, కాదు. ఏ మీటా కాదు. రెండు మీటలకి మధ్యలో ఎక్కడో ఉంది. ఆ చోటు నాకు బాగా తెలుసు. ఏళ్ళ తరబడి ఆ గోడకి చెవి ఆనించి బతికినదాన్ని.

"లిఫ్టు దగ్గరే ఉన్నావు వదినా" అన్నాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. "లిఫ్టు కంటే ఒక్క పిసరు కింద. పాట మొత్తం అక్కడికి దించేస్తాను. పైదాని సంగతి తర్వాత చూద్దాం."

వదిన నవ్వబోయి గొంతు పట్టుకుంది, నవ్వించొద్దని చెయ్యి ఊపింది. అన్నయ్య ఆ చెయ్యి అందుకుని, బేరింగు మార్చలేదులే అన్నాడు, అంతకంటే ఏం చెప్పాలో తెలియక. పై స్వరం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు, నా మీటల్లో ఆ చివరి చోటు ఖాళీగా ఉంది, ఉండనీ, నేను ఎదురుచూస్తాను, నాకు చేతనైన పని అదొక్కటే. డాక్టరుగారు కట్టు సరిచూసి, బాగుంది, ఇవాళ్టికి చాలమ్మా, ఇక మాట్లాడించకండి అన్నారు.

వదిన అప్పటికే మళ్ళీ ఊపిరి తీసుకుంది.